ఆర్పెజియేటరుతో తాళ నిర్మాణం

ఆర్పెజియేటర్ అనగా ఒకేసారి నొక్కి ఉంచిన కొన్ని స్వరాలను ఒకదాని తరువాత ఒకటిగా, నిర్ణీత కాలప్రమాణంలో, తనంతట తానే పలికించే సంగీత సాధనం. ఇది సింథసైజర్ వాద్యాలలో ఒక భాగంగా మొదలై, తరువాత కంప్యూటరు సంగీత సాఫ్ట్‌వేర్లలోనూ చేరింది. స్వరాలను పలికించడానికే దీనిని రూపొందించినా, మీటలకు స్వరాల బదులు తాళవాద్యాల ధ్వనులను కేటాయిస్తే ఇదే సాధనం తాళాన్ని నిర్మిస్తుంది. నొక్కిన మీటల సంఖ్య, అవి పలికే వరుస, వేగం అనే మూడింటి మీదనే ఈ పద్ధతి నడుస్తుంది. కర్ణాటక సంగీతంలోని జాతి, గతి భేదాలు కూడా లెక్క మీదనే ఆధారపడినవి కాబట్టి, తెలుగు విద్యార్థులకు ఈ విధానం సులభంగా బోధపడుతుంది.

పేరు, చరిత్ర

ఇటాలియన్ భాషలో "ఆర్పా" అనగా హార్ప్ అనే తంత్రీవాద్యం. హార్ప్ వాయించే వారు ఒక స్వరసమూహాన్ని (దీనిని కార్డు అంటారు) ఒక్కసారిగా కాక, తీగలను వరుసగా మీటుతూ పలికించడం వలన ఆ పద్ధతికి ఆర్పెజియో అనే పేరు వచ్చింది. ఆ పనిని యంత్రం చేత చేయించేదే ఆర్పెజియేటర్.

1978లో జపాన్‌కు చెందిన రోలాండ్ సంస్థ విడుదల చేసిన జూపిటర్-4 సింథసైజరులో ఆర్పెజియేటర్ ఉన్నది. ఆ తరువాత కోర్గ్ సంస్థవారి పాలీసిక్స్ (1981), రోలాండ్ జూపిటర్-8 (1981), జూనో-60 (1982) వాద్యాలలో కూడా ఇది కనిపిస్తుంది. ఇదే కాలంలో తాళ యంత్రాలు వేరే దారిలో వృద్ధి చెందాయి. రోజర్ లిన్ రూపొందించిన ఎల్ఎమ్-1, రోలాండ్ టీఆర్-808 రెండూ 1980లో వచ్చినవే. వేర్వేరు సంస్థల వాద్యాలు ఒకదానితో ఒకటి సంభాషించుకునేందుకు 1983లో మిడి అనే ప్రమాణం అమలులోకి వచ్చింది. దీనివలన ఒక వాద్యంలోని ఆర్పెజియేటరుతో మరొక యంత్రంలోని డ్రమ్ములను మోగించడం సాధ్యమైంది.

ముఖ్యమైన అమరికలు

సాఫ్ట్‌వేరును బట్టి పేర్లు మారినా, దాదాపు అన్ని ఆర్పెజియేటర్లలోనూ ఈ క్రింది అమరికలు ఉంటాయి.

- వేగం: ఒక అక్షరానికి ఎన్ని మాత్రలు పలకాలో ఇది నిర్ణయిస్తుంది. ఎక్కువగా అక్షరానికి 1, 2, 3, 4 మాత్రలు లభిస్తాయి.
- వరుస: ఆరోహణ, అవరోహణ, ఆరోహణావరోహణ, నొక్కిన క్రమం, యాదృచ్ఛికం అని పలు విధాలు.
- స్థాయి: నొక్కిన స్వరాలను పై స్థాయిలో కూడా పలికించాలా, ఎన్ని స్థాయిల వరకు అనేది.
- గేటు: ఒక్కొక్క స్వరం ఎంతసేపు నిలవాలి అనేది.
- పునఃప్రారంభం: నిర్ణీత మాత్రల తరువాత వరుసను మళ్ళీ మొదటి నుండి మొదలుపెట్టడం.
- హోల్డ్: మీటల మీది నుండి వేళ్ళు తీసినా పలుకుతూనే ఉండడం.

తాళవాద్యాల విషయంలో వీటిలో కొన్ని స్వభావం మార్చుకుంటాయి. డ్రమ్ము దెబ్బ ఒకసారి మోగి తానే ఆగిపోతుంది కాబట్టి, గేటు వలన చాలా ధ్వనులకు తేడా ఉండదు. తెరచిన హై-హ్యాట్ వంటి దీర్ఘ ధ్వనులకు మాత్రం, ఆ ధ్వనిని గేటుకు లోబడేటట్లు అమర్చితే, ఇది ఉపయోగపడుతుంది. "స్థాయి" అమరిక పూర్తిగా వేరే ఫలితాన్నిస్తుంది. దీనిని తరువాతి విభాగంలో చూడవచ్చును.

మీటలకు వాద్యాల కేటాయింపు

మిడిలో 0 నుండి 127 వరకు 128 స్వర సంఖ్యలు ఉంటాయి. 1991లో వచ్చిన జనరల్ మిడి ప్రమాణం పదవ ఛానెలును తాళవాద్యాలకు కేటాయించి, ఏ సంఖ్యకు ఏ వాద్యమో నిర్ణయించింది. వాటిలో తరచుగా వాడేవి:

- 36: బేస్ డ్రమ్
- 38: స్నేర్ డ్రమ్
- 39: చప్పట్లు
- 42: మూసిన హై-హ్యాట్
- 44: కాలితో మూసే హై-హ్యాట్
- 46: తెరచిన హై-హ్యాట్
- 48, 50: పై స్థాయి టామ్ డ్రమ్ములు
- 54: టాంబరిన్

స్వరవాద్యంలో ఒక మీటకు 12 కలిపితే అదే స్వరం పై స్థాయిలో వస్తుంది. తాళవాద్యాలలో అట్లు కాదు. 36కు 12 కలిపితే 48, అనగా టామ్ డ్రమ్. 38కు కలిపితే 50, మరొక టామ్. 42కు కలిపితే 54, అనగా టాంబరిన్. కావున 36, 38, 42 అనే మూడు మీటలను నొక్కి స్థాయిని రెండుగా అమర్చితే మూడు వాద్యాలు ఆరవుతాయి, మూడు మాత్రల వరుస ఆరు మాత్రల వరుస అవుతుంది. ఒక్క అమరికతో కొత్త నడక పుట్టే ఈ సందర్భం నేర్చుకునేవారికి మంచి అభ్యాసం.

నిర్మాణ విధానం

మొదటి ఉదాహరణగా సినిమా పాటలలో తరచుగా వినిపించే నాలుగు అక్షరాల నడకను తీసుకొనవచ్చును. వరుసను "నొక్కిన క్రమం" అని పెట్టి, వేగాన్ని అక్షరానికి రెండు మాత్రలుగా అమర్చి, 36, 42, 38, 44 మీటలను ఆ క్రమంలో నొక్కాలి. బేస్ డ్రమ్, హై-హ్యాట్, స్నేర్, హై-హ్యాట్ అని వరుసగా పలుకుతాయి. బేస్ డ్రమ్ము 1, 3 అక్షరాల మీద, స్నేర్ 2, 4 అక్షరాల మీద పడతాయి.

ఇక్కడ రెండు హై-హ్యాట్ దెబ్బలకు 42, 44 అని వేర్వేరు మీటలు వాడటానికి కారణం కలదు. ఒకే మీటను ఒకేసారి రెండుమార్లు నొక్కి ఉంచడం వీలుకాదు. ఒక దెబ్బ వరుసలో రెండుసార్లు రావాలంటే, అదే ధ్వనిని మరొక మీటకు కూడా నకలు చేసి పెట్టుకోవాలి.

అదే విధంగా ఆర్పెజియేటరుకు మౌనం తెలియదు. మీటలు నొక్కి ఉన్నంతవరకు ప్రతి మాత్రకూ ఏదో ఒకటి పలుకుతూనే ఉంటుంది. విరామం కావాలంటే ఏ ధ్వనీ కేటాయించని ఒక "మూగ మీట"ను వరుసలో చేర్చాలి. కర్ణాటక సంగీతంలో కార్వె అనబడే నిలుపుదలకు ఇది సమానం. ఉదాహరణకు ఎనిమిది మీటలలో 1, 4, 7 స్థానాలలో ధ్వనిని, మిగిలిన ఐదింటిలో మౌనాన్ని పెడితే 3+3+2 అనే నడక వస్తుంది. ఎనిమిది మాత్రలలో మూడు దెబ్బలను వీలైనంత సమదూరంలో పంచితే ఇదే ఫలితం. ఇటువంటి పంపకాన్ని యూక్లిడ్ గసాభా పద్ధతితో సాధించవచ్చునని, ప్రపంచంలోని అనేక సంప్రదాయ తాళాలు ఆ విధంగానే అమరి ఉన్నాయని గాడ్‌ఫ్రీడ్ టూసాన్ అనే కంప్యూటరు శాస్త్రవేత్త 2005లో చూపించాడు.

ఆరోహణావరోహణ వరుసలో మీటల సంఖ్య, మాత్రల సంఖ్య ఒకటి కావు. మూడు మీటలు నొక్కితే 1-2-3-2 అని నాలుగు మాత్రలు వస్తాయి. చివరి మీటలు రెండుమార్లు పలికే అమరికలో 1-2-3-3-2-1 అని ఆరు మాత్రలు వస్తాయి. ఏ సాఫ్ట్‌వేరు ఏ పద్ధతి పాటిస్తుందో ముందుగా విని తెలుసుకోవాలి. లేనిచో తాళం ఎందుకు తప్పుతున్నదో అర్థం కాదు.

తాళ గణితంతో పోలిక

కర్ణాటక సంగీతంలోని సూళాది సప్త తాళాలు ఐదు జాతి భేదాలతో 35 తాళాలు, వాటికి ఐదు గతి భేదాలు చేరి 175 అవుతాయి. త్రిశ్రం 3, చతురశ్రం 4, ఖండం 5, మిశ్రం 7, సంకీర్ణం 9. వీటిని నోటితో చెప్పే సొల్లుకట్లు వరుసగా తకిట, తకధిమి, తకతకిట, తకిటతకధిమి, తకధిమితకతకిట. ఒక్కొక్క అక్షరానికి ఒక్కొక్క మీట చొప్పున కేటాయిస్తే, ఈ సొల్లుకట్లన్నీ ఆర్పెజియేటరుకు నేరుగా ఇవ్వదగిన వరుసలే.

ఆదితాళంలో ఒక ఆవర్తనానికి 8 అక్షరాలు (4+2+2). చతురశ్ర గతిలో అక్షరానికి 4 మాత్రల చొప్పున మొత్తం 32 మాత్రలు. ఆర్పెజియేటరులో నొక్కిన మీటల సంఖ్యను బట్టి వరుస మొదలు మళ్ళీ సమం మీదికి ఎప్పుడు వస్తుందో క్రింద చూడవచ్చును.

- 3 మీటలు: 96 మాత్రలకు, అనగా 3 ఆవర్తనాలకు
- 4 మీటలు: ప్రతి ఆవర్తనానికి
- 5 మీటలు: 160 మాత్రలకు, అనగా 5 ఆవర్తనాలకు
- 6 మీటలు: 96 మాత్రలకు, అనగా 3 ఆవర్తనాలకు
- 7 మీటలు: 224 మాత్రలకు, అనగా 7 ఆవర్తనాలకు
- 8 మీటలు: ప్రతి ఆవర్తనానికి
- 9 మీటలు: 288 మాత్రలకు, అనగా 9 ఆవర్తనాలకు

పాఠశాలలో నేర్పే కనిష్ఠ సామాన్య గుణిజమే ఇక్కడి సూత్రం. చేతితో తాళం వేస్తూ ఐదు మీటల వరుసను వింటే, దెబ్బలు అక్షరాల నుండి జారి, ఐదు ఆవర్తనాల తరువాత తిరిగి సమానికి చేరడం స్పష్టంగా తెలుస్తుంది. పునఃప్రారంభాన్ని 32 మాత్రలకు అమర్చితే ఈ జారుడు ఆగిపోతుంది. అప్పుడు మూడు మీటల వరుస పదిసార్లు పూర్తిగా పలికి, మిగిలిన రెండు మాత్రలలో సగంలో తెగి, మళ్ళీ సమం నుండి మొదలవుతుంది.

మృదంగ విద్వాంసులు వాయించే తీర్మానానికి కూడా ఇదే లెక్క. ఒక జతిని మూడుసార్లు వాయించి సమానికి చేరాలి. 32 మాత్రలలో 10 మాత్రల జతిని (తకధిమి తకధిమి తక) మూడుసార్లు, మధ్యలో ఒక్కొక్క మాత్ర కార్వెతో వాయిస్తే 10+1+10+1+10 = 32. ఆర్పెజియేటరులో దీనికి పది ధ్వనుల మీటలు, ఒక మూగ మీట కలిపి 11 మీటల వరుస ఇచ్చి, 32 మాత్రలకు పునఃప్రారంభం పెట్టాలి. మూడవ మౌనం పడవలసిన 33వ మాత్ర తరువాతి ఆవర్తనపు సమం కాబట్టి, అక్కడ మౌనానికి బదులు మొదటి దెబ్బ పడుతుంది. చేతికి పది వేళ్ళే కాబట్టి ఇంతటి వరుసను మీటల మీద కాక సాఫ్ట్‌వేరులోని పియానో రోల్ పటం మీద వ్రాసుకుంటారు.

ఖండ, మిశ్ర గతులు కావలసినప్పుడు ఒక చిక్కు వస్తుంది. అనేక ఆర్పెజియేటర్లలో అక్షరానికి 5, 7 మాత్రల వేగం ఉండదు. దీనికి ఉపాయం సాఫ్ట్‌వేరు టెంపోను మార్చడం. తాళపు టెంపోను గతి సంఖ్యతో హెచ్చవేసి 4తో భాగించాలి. నిమిషానికి 60 అక్షరాల తాళంలో ఖండ గతి కావాలంటే 60×5÷4 = 75. మిశ్ర గతికి 105, సంకీర్ణ గతికి 135. ఆర్పెజియేటరు వేగం మాత్రం అక్షరానికి 4 మాత్రలుగానే ఉంచాలి.

రాయలసీమ జానపద తాళాలు

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాలతో సహా రాయలసీమ గ్రామాలలో చెక్కభజన, కోలాటం, పండరి భజన, డప్పు వాద్యం ప్రసిద్ధమైనవి. చెక్కభజనలో ఆటగాళ్ళు చేతిలోని చెక్కలను తాడించే వేళలు, అడుగు వేసే వేళలు వేర్వేరు వరుసలుగా ఉండి ఒకదానితో ఒకటి పెనవేసుకుంటాయి. ఇటువంటి నడకను గ్రహించడానికి రెండు ఆర్పెజియేటర్లను ఒకేసారి నడపడం మంచి పద్ధతి. ఒకదానిలో మూడు మీటలు, మరొకదానిలో నాలుగు మీటలు నొక్కితే ప్రతి 12 మాత్రలకు రెండూ కలుసుకుంటాయి. ఒకదాన్ని చెక్కలుగా, మరొకదాన్ని అడుగులుగా భావించి విడివిడిగా, తరువాత కలిపి వినవచ్చును. విలంబంలో మొదలై క్రమంగా వేగం హెచ్చే భజన నడకను టెంపో గీతను పైకి గీయడం ద్వారా సూచించవచ్చును.

తాళాన్ని నమోదు చేయడం ఎందుకు ముఖ్యమో చెప్పడానికి ఈ ప్రాంతంలోనే ఒక నిదర్శనం కలదు. కడప సీమలోని తాళ్ళపాకకు చెందిన అన్నమాచార్యుడు (1408-1503) రచించిన సంకీర్తనలు రాగిరేకుల మీద లభించాయి. రేకుల మీద కీర్తనతో పాటు రాగం పేరు ఉన్నది కాని, స్వరలిపి లేదు, తాళ నిర్దేశమూ లేదు. అందువలన నేడు వినే వరుసలలో అధికభాగం తరువాతి కాలపు విద్వాంసులు కూర్చినవి. సాహిత్యం రాగి మీద నిలిచినా, నడక నిలువలేదు.

గురువు నోటి నుండి శిష్యుని చేతికి మాత్రమే అందే జానపద తాళాలకు కూడా ఈ ప్రమాదం ఉన్నది. ఏ దెబ్బ ఏ మాత్రలో పడుతుందో ఒక మిడి ఫైలులో వ్రాసిపెడితే, కనీసం ఆ నడక యొక్క లెక్క నిలిచి ఉంటుంది. అయితే ఫైలు ఒక్కటే చాలదు. కళాకారుని వాయింపును ధ్వనిగాను, దృశ్యంగాను రికార్డు చేసి, దానికి తోడుగా ఈ లెక్కను ఉంచినప్పుడే నమోదు సమగ్రమవుతుంది.

సినిమా సంగీతంలో యంత్ర తాళం

భారతదేశంలో యంత్ర తాళానికి తొలి ఉదాహరణలలో ఒకటి ముంబాయి సంగీతకారుడు చరణ్‌జిత్ సింగ్ 1982లో రికార్డు చేసిన "సింథసైజింగ్: టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్". ఇందులో రాగాల స్వరాలకు రోలాండ్ జూపిటర్-8, టీబీ-303, తాళానికి టీఆర్-808 వాడారు. వచ్చిన కాలంలో అంతగా ఆదరణ పొందని ఈ సంపుటి 2010లో తిరిగి విడుదలై ప్రపంచవ్యాప్తంగా పేరు పొందింది.

దక్షిణాదిన ఇళయరాజా సంగీతం సమకూర్చిన తమిళ చిత్రం పున్నగై మన్నన్ (1986) కంప్యూటరు సీక్వెన్సరును ఉపయోగించిన తొలి చిత్రాలలో ఒకటిగా పేర్కొనబడుతుంది. తెలుగులో రాజ్-కోటి ద్వయం 1980, 1990 దశకాలలో ఎలక్ట్రానిక్ కీబోర్డులను, తాళ యంత్రాలను విరివిగా వాడిన వారిలో ముఖ్యులు. ఎ.ఆర్.రెహమాన్ స్వయంగా సంగీత దర్శకుడు కాకముందు ఇళయరాజా, రమేష్ నాయుడు, రాజ్-కోటి తదితరుల వద్ద కీబోర్డు వాయించాడు. తమిళంలో తీసి తెలుగులోకి అనువదించిన రోజా (1992) తరువాత, ప్రోగ్రాము చేసిన తాళాన్ని, చేతితో వాయించిన వాద్యాలను కలిపి వాడే పద్ధతి బాగా వ్యాపించింది. రెహమాన్ నేరుగా తెలుగులో సూపర్ పోలీస్ (1994), గ్యాంగ్ మాస్టర్ (1994) చిత్రాలకు సంగీతం అందించాడు.

ఈ చిత్రాలలో తాళాన్ని ఎక్కువగా సీక్వెన్సర్లతో, తాళ యంత్రాలతో నిర్మించేవారు. సీక్వెన్సరుకు ప్రతి దెబ్బనూ ముందుగా వ్రాసి ఇవ్వాలి. ఆర్పెజియేటరుకు నియమం మాత్రం ఇస్తే చాలు, దెబ్బలను అదే పుట్టిస్తుంది. రెండింటికీ గల ముఖ్య భేదం ఇదే.

సాఫ్ట్‌వేర్లు

- ఏబుల్టన్ లైవ్: ఇందులో ఆర్పెజియేటర్ మిడి ఎఫెక్టుగా లభిస్తుంది. డ్రమ్ ర్యాక్‌కు ముందు దీనిని ఉంచాలి.
- రీజన్: 2007లో వచ్చిన నాల్గవ వెర్షనుతో ఆర్‌పీజీ-8 అనే ఆర్పెజియేటర్ చేరింది. వరుసలో ఏ మాత్ర మౌనంగా ఉండాలో ఇందులో నేరుగా గుర్తించవచ్చును.
- లాజిక్ ప్రో: 2013లో వచ్చిన పదవ వెర్షను నుండి మిడి ఎఫెక్టులలో ఆర్పెజియేటర్ ఉన్నది.
- ఎల్ఎమ్ఎమ్ఎస్: ఇది ఉచితంగా లభించే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు. ప్రతి వాద్యానికీ ఆర్పెజియో అమరిక ఉంటుంది. ఖర్చు లేకుండా అభ్యాసం చేయదలచిన విద్యార్థులకు అనుకూలమైనది.

పరిమితులు

ఆర్పెజియేటర్ లెక్కను తప్పకుండా పాటిస్తుంది, కాని లెక్కే తాళం కాదు. ఒకే ధ్వని ఒకే బలంతో పదేపదే వస్తే చెవికి విసుగు కలుగుతుంది. దెబ్బ బలాన్ని మిడిలో 1 నుండి 127 వరకు మార్చవచ్చును. సమం మీద బలంగా, మిగిలిన చోట్ల తేలికగా ఉండేట్లు అమర్చడం, ఒకే వాద్యానికి నాలుగైదు వేర్వేరు రికార్డింగులను మార్చి మార్చి వాడడం దీనికి ఉపశమనాలు.

అయినప్పటికీ కొన్ని గుణాలు యంత్రానికి అందవు. మృదంగం ఎడమ వైపు రవ్వ ముద్ద అంటించి, అరచేతి ఒత్తిడితో పలికించే గుమికి నాదంలో శ్రుతి జారుతూ ఉంటుంది. డప్పును వాయించే ముందు మంట వద్ద కాచి బిగువు తెస్తారు. అది చల్లబడిన కొద్దీ నాదం మారుతుంది, కళాకారుడు దానికి తగినట్లు దెబ్బను మారుస్తాడు. భజన గుంపులో గాయకుడు చరణాన్ని పొడిగిస్తే వాద్యకారుడు అతని ముఖం చూసి నడకను పట్టి ఉంచుతాడు. ఈ మూడింటిలోనూ తాళం ఎదుటివారిని బట్టి నడుస్తుంది. ఆర్పెజియేటర్ తనకు ఇచ్చిన వరుసను బట్టి మాత్రమే నడుస్తుంది.

యంత్ర తాళం వలన వాద్య బృందాల అవసరం తగ్గి, తాళవాద్య కళాకారుల జీవనోపాధికి దెబ్బ తగులుతున్నదని విమర్శ కూడా కలదు. తక్కువ ఖర్చుతో పాట పూర్తవుతుందనే కారణంగా చిన్న స్టూడియోలు ప్రోగ్రాము చేసిన తాళాన్నే ఎన్నుకుంటాయి. మరొకవైపు గురువు అందుబాటులో లేని విద్యార్థి గతి భేదాలను వినడానికి, తాళం తప్పకుండా సాధన చేయడానికి ఇదే యంత్రం తోడ్పడుతుంది. చేతితో తాళం వేస్తూ, నోటితో సొల్లుకట్టు చెప్పుకుంటూ దీనిని వాడినప్పుడు ప్రయోజనం అధికం.

ఇవి కూడా చూడండి

- సూళాది సప్త తాళాలు
- మృదంగం
- డప్పు
- చెక్కభజన
- సింథసైజర్
- మిడి